1997 మారుతి 800: రెండో సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయింది. రీబోరు (అరిగిన సిలిండర్ గోడను కోసి కొంచెం పెద్దది చేయడం) చేయించాలా, పాత ఇంజను కొనాలా?

తెనాలి తెల్లబండి:

పెద్దలకు నమస్కారం. మా నాన్నగారు 1997 ఆగస్టులో కొన్న తెల్ల మారుతి 800 ఇంకా మా ఇంట్లోనే ఉంది. కార్బురేటర్ బండి. నాన్నగారికి 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పుల వల్ల ఇప్పుడు నడపలేరు. నేను నడుపుతాను, ఆయన పక్క సీట్లో కూర్చుని గేరు ఎప్పుడు మార్చాలో చెబుతారు. మీటరు 1,32,000 కిలోమీటర్లు దాటింది.

బండి కొన్న రోజు నుంచి ఆయన ఒక డైరీలో పెట్రోలు, ఇంజను ఆయిలు లెక్కలు రాస్తూ వచ్చారు. అది ముందు పెట్టుకునే ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా, ఒకసారి ఆయిలు మార్చాక మళ్ళీ మార్చేవరకు మధ్యలో పైనుంచి పోసినట్టు ఒక్క పంక్తి కూడా లేదు. నిరుటి మే తర్వాత ఆ పంక్తులు మొదలయ్యాయి. ఇప్పుడు 600 కిలోమీటర్లకు అర లీటరు పోస్తున్నాం.

నిరుడు మేలో శ్రీశైలం వెళ్ళాం. దోర్నాల దాటి ఘాటు ఎక్కుతుండగా వేడి చూపే ముల్లు ఎర్ర గీతను తాకింది. దిగి చూస్తే రేడియేటర్ పై గొట్టం చీలిపోయింది. గంటన్నర ఆగి, చీలిన చోట గుడ్డ చుట్టి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసుకుంటూ ఎలాగో పైకి చేరాం. తెనాలి వచ్చాక ఇక్కడి మెకానిక్ గొట్టం మార్చి, థర్మోస్టాట్ కూడా తీసేశారు. మన ఎండలకు దానితో పనిలేదన్నారు. అప్పటినుంచి రేడియేటర్‌లో మా ఇంటి బోరుబావి నీళ్ళే పోస్తున్నాం.

ఇప్పటి లక్షణాలు ఇవి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలంరంగు పొగ గుప్పుమని వచ్చి, అర నిమిషంలో తగ్గిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు ఇంజను మునుపటికంటే ఎక్కువగా ఊగుతోంది. మంగళగిరి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాలంటే మూడో గేరుకు దిగాల్సి వస్తోంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కినప్పటి ఒత్తిడి) చూపించాను: మొదటి సిలిండర్ 150, రెండోది 110, మూడోది 145 పీఎస్ఐ.

ఒక మెకానిక్ పిస్టన్ రింగులు (పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు మూసేవి) మారిస్తే చాలంటారు. మరొకరు ఇది విప్పడం వృథా, ఢిల్లీ నుంచి వచ్చిన పాత ఇంజను 18 వేలకు ఇప్పిస్తానంటారు. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. కొలత చూపించి చెప్పే మాట కావాలి నాకు. ఇద్దరిలో ఎవరూ ఏమీ కొలవలేదు.

విశాఖ 800:

పొద్దున్నే పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతోందంటే వాల్వు సీల్స్ గట్టిపడిపోయాయన్నమాట. రాత్రంతా ఆయిలు గైడు (వాల్వు జారే గొట్టం) పక్కనుంచి బొట్టుబొట్టుగా దిగి వాల్వు మీద చేరుతుంది, స్టార్ట్ చేయగానే అదంతా కాలిపోతుంది. నా 1994 బండికి ఇదే జరిగింది. ఆరు సీల్స్ మార్పించాను, పొగ పోయింది. ముందు ఆ చిన్న పని చేయించి చూడండి. ఇంజను దింపే ఖర్చు తప్పవచ్చు.

ఆటోనగర్ లేతు:

అమ్మా, ముప్పై ఎనిమిదేళ్ళు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో బోరింగు యంత్రం మీద పనిచేసి రెండేళ్ళ కిందట మానేశాను. లారీ బ్లాకులే (సిలిండర్లుండే ఇంజను దిమ్మలు) ఎక్కువ చేసినా, మీ బండిలో ఉన్న ఎఫ్8బి ఇంజను బ్లాకులు వందల్లో నా చేతి మీదుగా వెళ్ళాయి. మీ నాన్నగారి డైరీ చూడాలని ఉంది. అలా లెక్క రాసే యజమాని నాకు పట్టుమని పదిమంది కూడా తగల్లేదు.

విశాఖ వారు చెప్పింది నిజమే. కానీ సీల్స్ పోతే పొగ వస్తుంది తప్ప కంప్రెషన్ 110కి పడిపోదు. మీ ఇంజనులో రెండు జబ్బులున్నాయి. ఒక్కదానికే మందు వేస్తే ఆరు నెలల్లో మళ్ళీ విప్పుతారు.

విప్పే ముందు ఒక పని చేయండి. రెండో సిలిండర్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి, మళ్ళీ కంప్రెషన్ చూడండి. ఆయిలు కాసేపు రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది. అంకె బాగా పెరిగిందా, రింగులో బోరో అరిగింది. కదలకపోతే గాలి వాల్వు దగ్గరో, బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ దగ్గరో పోతోంది. రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలితే పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోతాయి. మీకు ఒక్కటే పడింది కాబట్టి గ్యాస్కెట్ మీద నాకు అనుమానం తక్కువ. అయినా హెడ్డు అంత వేడెక్కింది గనుక, విప్పినప్పుడు దాని మీద ఉక్కు బద్ద పెట్టి వంకర చూడాల్సిందే. బద్ద కింద 0.05 మిల్లీమీటర్ల రేకు దూరితే హెడ్డును యంత్రం మీద చదును చేయించాలి. నిలువుగా, అడ్డంగా, రెండు మూలలకూ చూడండి. అల్యూమినియం హెడ్డు వేడికి ఏ పక్కకు వంగుతుందో చెప్పలేం.

ఇక ఆ థర్మోస్టాట్ సంగతి. ఇది విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఎండకూ దానికీ సంబంధం లేదు. నీళ్ళు దాదాపు 82 డిగ్రీలకు చేరేవరకు రేడియేటర్‌కు వెళ్ళకుండా ఆపి, ఇంజనును తొందరగా వేడెక్కించడమే దాని పని. అది తీసేస్తే ఇంజను చాలాసేపు చల్లగానే తిరుగుతుంది. చల్లటి ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. గోడల మీద ఉన్న ఆయిలు పొరను కడిగేసి, కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. మీరు కళాశాలకు రోజూ ఎంత దూరం వెళతారు? నాలుగైదు కిలోమీటర్లే అయితే ఆ ఇంజను ఏడాదిగా ఒక్కరోజు కూడా సరైన వేడికి వచ్చి ఉండదు. ఘాటు మీద ఒక్క పూట జరిగిన నష్టం కంటే ఆ తర్వాతి ఏడాది అరుగుదలే ఎక్కువని నా అంచనా. బోరుబావి నీళ్ళ సున్నం బ్లాకు లోపలి దారుల్లో గట్టిపడి ఉంటుంది, అదీ తీయించాలి.

పాత ఇంజను మాత్రం కొనకండి. మీ ఇంజను చరిత్ర మీ నాన్నగారి డైరీలో ఉంది. వచ్చేదాని చరిత్ర ఎవరి దగ్గర ఉంది?

మల్కాజిగిరి ప్రయాణికుడు:

పాత ఇంజను విషయంలో నా అనుభవం కూడా రాస్తాను. 2016లో నా 800కు బయటినుంచి తెచ్చిన ఇంజను వేయించాను. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు వేరు, బండిలో ఉన్నది వేరు. ఆ మార్పు రవాణా శాఖ దగ్గర నమోదు చేయించాలని నాకు తెలియదు, మెకానిక్ చెప్పలేదు. పదిహేనేళ్ళు నిండి, రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం బండిని తనిఖీకి తీసుకెళ్ళినప్పుడు నంబరు కుదరక వెనక్కి పంపారు. ఆ ఇంజను ఎక్కడిదో చూపే బిల్లు నా దగ్గర లేదు. దాన్ని అమ్మిన కొట్టు కోసం నాలుగు నెలలు తిరిగాను.

మీది 1997 బండి కాబట్టి 2012, 2017, 2022లో పొడిగించి ఉంటారు, మళ్ళీ 2027లో వెళ్ళాలి. మీ బ్లాకునే బోరు చేయిస్తే నంబరు అదే ఉంటుంది, ఈ బాధ ఉండదు.

తెనాలి తెల్లబండి:

అందరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారూ, కళాశాల మా ఇంటికి నాలుగు కిలోమీటర్లే. మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. థర్మోస్టాట్ తీయించిన రోజు డైరీలో తెరిచి చూపించారు. ఆ తర్వాతి పేజీ నుంచే మైలేజీ లీటరుకు 17 నుంచి 14కు దిగడం మొదలైంది. ఎండ వల్ల అనుకుని వదిలేశాం.

చెంచాడు ఆయిలు పోసి చూశాం. రెండో సిలిండర్ 110 నుంచి 140కి లేచింది. అంటే రింగులో, బోరో. హెడ్డు విప్పించాను. రేకు పెట్టి చూస్తే వంకర లేదు. ఇన్‌లెట్ దారిలో కిరసనాయిలు పోస్తే రెండు వాల్వుల దగ్గర కిందికి చెమర్చింది, వాటికి పేస్టు పెట్టి రుద్దించాలన్నారు. ఇప్పుడు బోరు కొలవడం ఎలాగో చెప్పండి. రింగులు మాత్రమే వేసి మూసేద్దామని మెకానిక్ ఇంకా అంటూనే ఉన్నారు.

ఆటోనగర్ లేతు:

కొలవకుండా మూయనివ్వకండి. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 68.5 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 72. మూడు సిలిండర్లకు లెక్క కట్టి చూడండి, 796 సీసీ వస్తుంది, మీకిది పిల్లలకిచ్చే లెక్క లాంటిదే. బోరు గేజితో ఒక్కో సిలిండర్‌లో పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవాలి. ఒక దిక్కు క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) పొడవునా, మరొకటి దానికి అడ్డంగా. మొత్తం పద్దెనిమిది అంకెలు. పై రింగు మళ్ళే చోట, అంచు నుంచి ఒక వేలెడు కిందికి, ఎక్కువ అరుగుతుంది. పిస్టన్ పక్క గోడను ఒత్తే దిక్కులో ఇంకా ఎక్కువ అరుగుతుంది. పైకీ కిందికీ, లేదా రెండు దిక్కులకూ తేడా 0.10 దాటితే నేను రింగులు వేయనిచ్చేవాణ్ణి కాదు. అండాకారంలో అరిగిన గోడను గుండ్రటి కొత్త రింగు అంటిపెట్టుకోలేదు. వెయ్యి కిలోమీటర్లు బాగుంటుంది, ఆ తర్వాత మళ్ళీ ఆయిలు తాగుతుంది.

ఒక్క సిలిండరే అరిగినా మూడూ ఒకే సైజుకు బోరు చేయించండి. ముందు 0.25 పిస్టన్లు (అసలు సైజు కంటే 0.25 మిల్లీమీటర్లు పెద్దవి) కొని, వాటిని పట్టుకుని లేతు దగ్గరికి వెళ్ళండి. డబ్బా మీద 0.25 అని ఉన్నంత మాత్రాన ప్రతి పిస్టనూ సూటిగా ఆ కొలతలోనే ఉండదు. చేతిలో ఉన్న పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు బోరు తీయడమే మేము నేర్చుకున్న పద్ధతి. పిస్టన్లు దొరకవేమోనని భయపడకండి. 800 తయారీ 2014లో ఆగిపోయినా, ఇదే ఇంజనుతో ఓమ్నీ 2019 వరకు వచ్చింది. ఆల్టో డబ్బా మాత్రం తీసుకోకండి. దాని బోరు, స్ట్రోకు ఇవే అయినా 12 వాల్వుల ఇంజను అది, పిస్టన్ వేరు.

హోనింగు (రాతితో గోడ మీద సన్నటి గీతలు గీయడం) అయ్యాక బ్లాకును పెట్రోలుతో కడిగి ఇస్తామంటారు. ఒప్పుకోకండి. రాతిపొడి గోడ మీది సన్నటి గీతల్లో ఇరుక్కుంటుంది, పెట్రోలు దాన్ని పైకి తీయదు. వేడినీళ్ళు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు కావాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిదరంగు అంటనంతవరకు కడగాలి, ఆరిన మరుక్షణం ఆయిలు రాయాలి, లేకపోతే అరగంటలో తుప్పు పట్టే ఇనుము అది. మా గురువు ఈ గుడ్డ పరీక్ష ఆయన ఎదుటే చేయించేవారు. మరక కనిపిస్తే మాట్లాడకుండా సబ్బు బిళ్ళ చేతికిచ్చేవారు. నాకు పదహారేళ్ళప్పుడు ఒక్క బ్లాకును ఏడుసార్లు కడిగాను.

తెనాలి తెల్లబండి:

మేస్త్రి గారూ, రెండు వారాలు పట్టింది. బోరు గేజి ఉన్న కొట్టుకు వెళ్ళి పద్దెనిమిది అంకెలూ నేనే రాసుకున్నాను. రెండో సిలిండర్ పైన అడ్డదిక్కున 68.63, కింద 68.51. మిగతా రెండూ పైన 68.58కి దగ్గరగా ఉన్నాయి. ఆ కాగితం చూపించాక మెకానిక్ రింగుల మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా తన దగ్గరికి వచ్చే బళ్ళకు కూడా ఇలా కొలిపిస్తానన్నారు.

మూడూ 0.25కు బోరు చేయించాం. క్రాంకు జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే భాగాలు) బాగానే ఉన్నాయి, గ్రైండింగ్ అక్కర్లేకపోయింది, బేరింగు షెల్స్ మాత్రం కొత్తవి వేశాం. ఆరు వాల్వు సీల్స్, టైమింగ్ బెల్టు, నీళ్ళ పంపు, థర్మోస్టాట్, హెడ్ గ్యాస్కెట్ మార్చాం. రేడియేటర్‌ను తీసి శుభ్రం చేయించి, బోరుబావి నీళ్ళు మానేసి కూలెంట్ పోశాం. బ్లాకు లోపలినుంచి దోసెడు సున్నం పెళ్ళలు వచ్చాయి. మొత్తం 29,600 రూపాయలైంది. బ్లాకు కడిగింది నేనూ మా తమ్ముడూ, మా పెరట్లో. నాలుగోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చుని ఆ గుడ్డను వెలుతురులో పట్టి చూశారు.

నిన్న సాయంత్రం స్టార్ట్ అయింది. ఈ రోజు పొద్దున పొగ లేదు. ఇప్పుడు ఎలా నడపాలి? ఇంటి ముందు రెండు గంటలు ఊరికే తిరగనివ్వమని ఒకరు, వెయ్యి కిలోమీటర్లు నలభై దాటవద్దని ఒకరు అంటున్నారు.

ఆటోనగర్ లేతు:

నిలబెట్టి తిప్పకండమ్మా. బరువు లేకుండా తిరిగితే రింగులు గోడకు ఒత్తుకోవు, గోడ నున్నబడిపోతుంది, ఆ తర్వాత అవి ఎప్పటికీ కూర్చోవు. వేడెక్కాక రోడ్డెక్కండి. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే రోడ్డు చాలు. మూడో గేరులో ముప్పై నుంచి యాభై వరకు నిదానంగా తొక్కి, యాక్సిలరేటర్ వదిలేసి మళ్ళీ ముప్పైకి రానివ్వండి. ఇలా పది పదిహేనుసార్లు. తర్వాత మామూలుగా నడపండి, కానీ ఒకే వేగంతో గంటల తరబడి పోకండి, నలుగురిని ఎక్కించుకుని ఎత్తులు ఎక్కకండి. శ్రీశైలం కొన్నాళ్ళు ఆగుతుంది. ప్రస్తుతం మామూలు మినరల్ ఆయిలే ఉండనివ్వండి, సింథటిక్ వద్దు.

రోజూ పొద్దున ఆయిలు కడ్డీ, కూలెంట్ మట్టం చూడండి. 500 కిలోమీటర్లకు ఆయిలు, ఫిల్టరు రెండూ మార్చేయండి, ఎంత శుభ్రంగా కనిపించినా సరే. వాల్వు సందులు కూడా అప్పుడే సరిచూడమనండి. తీసిన ఆయిలును వెడల్పాటి తెల్ల పళ్ళెంలో పోసి ఎండలో పెట్టి చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు కొద్దిగా ఉంటే అది కొత్త రింగులది, భయం లేదు. వేలికి గరగరలాడే రేణువులు తగిలితే బండి కదపకుండా నాకు రాయండి. ఆ పళ్ళెం ఫొటో, 500 దగ్గర డైరీలో నాన్నగారు రాసే పేజీ ఫొటో, రెండూ ఇక్కడ పెట్టండి.