అప్‌డేట్: మెడ గాయం తర్వాత మళ్ళీ కబడ్డీ ఆడాలా?

కూతకు వెళ్ళి, ముగ్గురి పట్టులో తలకిందులుగా పడి, కొన్ని నిమిషాలపాటు కాళ్ళూ చేతులూ కదలక ఉండిపోయిన నేను మళ్ళీ ఆడవచ్చా అని ఆరు నెలల క్రితం అడిగాను.

ఇప్పుడు నొప్పి లేదు, మెడ పూర్తిగా తిరుగుతోంది, చేతి పట్టు బలమూ తిరిగి వచ్చింది. అయితే వెన్నుపాము సాగే కాలువ నాకు పుట్టుకతోనే ఇరుకని, 5, 6 మెడపూసల మధ్య వెన్నుపాము చుట్టూ మెత్తలా ఉండాల్సిన ద్రవానికి చోటే లేదని వైద్యులు ఎమ్మారైలో చూపించారు. తల కాస్త వంచితే మెడకు ఉండే సహజమైన వంపు పోయి నిటారవుతుంది కనుక, ఆ క్షణంలో నడినెత్తికి తగిలే దెబ్బ నేరుగా పూసల మీద పడుతుందట. పట్టులో తల వంగకుండా ఆడడం ఎవరి తరం? ఎంత వ్యాయామం చేసినా ఆ ఇరుకు పోదు.

ఇక ఆడను. నిన్న మోకాలి పట్టీలు తమ్ముడికి ఇచ్చేటప్పుడు చూస్తే, ఎడమదాని అంచున ఎర్రమట్టి ఇంకా అంటుకొనే ఉంది.