డీటీపీ నేర్చుకుంటే కోనసీమలోనే ఉపాధి దొరుకుతుందా?

లంకగన్నేరు:
నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక లంక గ్రామం. ఈ ఏడాది బీకాం పూర్తిచేశాను. పట్టణంలోని ఒక శిక్షణ కేంద్రంవారు డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పనికి వాడే పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్‌లను మూడు నెలల్లో నేర్పుతామని, రుసుము 12,000 రూపాయలని చెబుతున్నారు. శుభలేఖలు కూడా వాట్సాప్‌లో పంపుకుంటున్న రోజుల్లో ఈ పని ఎన్నాళ్లు నిలుస్తుందని మా నాన్నగారి సందేహం. నేను ఇల్లు విడిచి హైదరాబాదు వెళ్లే వీలు లేదు. చేరమంటారా?

అచ్చుపెట్టె (తణుకు):
అమ్మా, నేను 22 ఏళ్లుగా డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. మూఢం వచ్చిందంటే మేము ఈగలు తోలుకుంటూ కూర్చోవలసిందే. అయితే బిల్లు పుస్తకాలు, బడుల ప్రశ్నపత్రాలు, వ్రతకల్పాల వంటి చిన్న పుస్తకాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తరువాత కొత్త వెర్షన్ రాలేదు, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే చూపే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. అయినా మా దగ్గరున్న పాత ఫైళ్లన్నీ అందులోనే, యూనికోడ్ కాని అనూ ఫాంట్లలోనే ఉన్నాయి కనుక కొంతవరకైనా నేర్చుకోక తప్పదు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి.

సాఫ్ట్‌వేర్ కంటే ముఖ్యం తప్పులు పట్టే కన్ను. ఒకసారి మా కుర్రవాడు పాత శుభలేఖ ఫైలు మీదే పేర్లు, తేదీ, అంకెలు మార్చి, ముహూర్తం ముందున్న ‘ఉ.’ను ‘రా.’గా మార్చడం మరిచిపోయాడు. అచ్చయిన 500 కార్డులనూ పెళ్లివారి ఎదుటే పక్కన పడేసి, మా ఖర్చుతో మళ్లీ వేశాము.

గోదారిగట్టు (రావులపాలెం):
అచ్చుపెట్టె గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ఇప్పుడు చేరేవారు పుస్తకాలనూ శుభలేఖలనూ నమ్ముకోవడం కంటే ప్యాకింగు డిజైను వైపు చూడడం మేలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కడియం నర్సరీలకు కేటలాగులు కావాలి, నరసాపురం లేసు అమ్మేవారికి లేబుళ్లు కావాలి. నేను మొదటిసారి వేసిన పూతరేకుల పెట్టె చూడడానికి బాగానే ఉంది కానీ, మడత గీత సరిగ్గా ‘రే’ మీదుగా పోయి, పెట్టె మూసేసరికి పేరు ‘పూత కులు’ అయింది. అప్పటినుండి మడతలు, కత్తిరింపు గీతలు ముందు గీసి, కాగితంతో నమూనా పెట్టె మడిచి చూసుకున్న తరువాతే అక్షరాలు పెడుతున్నాను. శాకాహార గుర్తుకు, నికర బరువుకు, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్యకు కూడా మొదటే చోటు వదలాలి. తెర మీద మెరిసే ఆకుపచ్చ అచ్చులో మందగిస్తుంది కాబట్టి ఫైలును మొదటినుండీ సీఎంవైకేలోనే, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతిలోనే చేయండి, కటింగు కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచండి.

పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ నేర్పుతారో లేదో ఆ కేంద్రంవారిని అడగండి. అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోతాయి. ఈ సంగతి చెప్పగలిగిన గురువు దొరికితే రుసుము దండగ కాదు.

మండలిపాఠకుడు:
ధ్రువపత్రం కావాలనుకుంటే ఐటీఐలలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అనే ఒక ఏడాది ట్రేడు ఉంది, దగ్గరలో ఎక్కడ నడుస్తోందో విచారించండి. డబ్బు కట్టేముందు ఇంట్లోనే బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, పేజీలు కూర్చే స్క్రైబస్ ఉచితంగా దించుకుని, మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో మీ ఊరి దుకాణానికి ఒక లేబుల్ చేసి చూడండి. ఆ పనిలో గంటలు తెలియకుండా గడిచిపోతే చేరండి.

లంకగన్నేరు:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ముందు లేబుల్ చేసి చూపించమన్నారు. అచ్చుపెట్టె గారిని ఒక్కటే అడగమన్నారు: మూఢంలో నిజంగా ఏం చేస్తారండీ?

అచ్చుపెట్టె (తణుకు):
పాత బాకీలు వసూలు చేసుకుంటామమ్మా.