పాత ఫైన్‌వెర్క్‌బావు 65: స్ప్రింగ్ మార్చాలా, వద్దా?

నల్లగండ్ల వాసి: ఈ ఫైన్‌వెర్క్‌బావు 65 మా బాబాయి ఇచ్చిన ఎయిర్ పిస్టల్, పక్క లివర్‌తో కాక్ చేసేది (అంటే లివర్ లాగితే లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది). హెచ్‌సీయూ రేంజ్‌లో 10 మీటర్లకి గ్రూప్ (షాట్లు దగ్గరదగ్గరగా పడటం) బాగానే వస్తోంది. కానీ లివర్ మునుపటికంటే తేలిగ్గా కదులుతోంది, పెల్లెట్లు (చిన్న గుళ్లు) కాస్త కిందికి పడుతున్నాయి. కంపెనీ నుంచి వచ్చిన స్ప్రింగ్ తీసెయ్యాలంటే మనసొప్పట్లేదు.

మల్కాజిగిరి: అన్నా, లివర్ తేలికైందంటే స్ప్రింగ్ కుంగినట్టే. అయినా ముందు క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద పది షాట్లు చూడండి. టార్గెట్ మధ్యలో పది పాయింట్లిచ్చే 10 రింగ్ వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అక్కడ వేగం కన్నా నిలకడే ముఖ్యం. వేగం నిలకడగా ఉంటే సైట్ (గురి చూసే భాగం) కొన్ని క్లిక్కులు తిప్పితే సరిపోతుంది. ఎగుడుదిగుడుగా వస్తే బ్యారెల్ వెనక సీల్ కూడా చూడండి, పాతబడితే గాలి పోతుంది.

సైనిక్‌పురి: నేనైతే మారుస్తాను. విరిగిన స్ప్రింగ్ సిలిండర్ లోపల గీతలు పెడితే బాగుచేయడం చాలా కష్టం. మరీ గట్టిది మాత్రం వద్దు, టార్గెట్ పిస్టల్‌కి అంత బలం అక్కర్లేదు. పాతది నూనె రాసి దాచుకోండి. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని అదిమిపట్టే సాధనం) లేకుండా విప్పొద్దు, స్ప్రింగ్ ఎగిరి ముఖానికి తగలొచ్చు.

నల్లగండ్ల వాసి: సరే అన్నా, క్రోనో అంకెలు వచ్చాక ఇక్కడే పెడతాను. సీల్ మాత్రం ఇప్పుడే ఆర్డర్ చేస్తున్నా.