ఈ-పుస్తకాలు వచ్చాక పుస్తకాల షాపుతో ఇంకా పనుందా?

మొదటి పోస్టు:
“ఫోన్లోనే లైబ్రరీ ఉండగా షాపుకెళ్ళడం టైము దండగ” అని ఒక మిత్రుడు అన్నాడు. నేను ఒప్పుకోను. వెతుక్కుంటూ వెళ్ళిన పుస్తకం కన్నా దాని పక్కనున్నదే నేను ఎక్కువసార్లు కొన్నాను. మొన్న వ్యాకరణం కోసం వెళ్తే, కింది అరలో అడ్డంగా పడున్న చీమల పుస్తకం కంటపడింది. మధ్యకి తెరిచి ఒక పేజీ నిలబడే చదివాను. రెండో పేజీకి నేలమీద చతికిలబడ్డాను. యాప్ నాకు ఏనాడూ చీమల్ని చూపించలేదు. పాత కొనుగోళ్ళను బట్టే కదా అది చూపించేది!

జవాబు:
చీమల సంగతి బాగుందండీ. కానీ మా అమ్మకి చూపు తగ్గి అచ్చు పుస్తకాలు వదిలేసింది. ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసిచ్చాను. పేజీకి పది లైన్లే పడతాయి, అయినా రోజూ చదువుతోంది. మెట్లెక్కలేని మనిషికి మీ షాపు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

మొదటి పోస్టు రాసినవారు:
అమ్మగారి విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఆ సౌకర్యం ఉండాల్సిందే. నా భయం వేరు. 2009లో అమెజాన్, హక్కులు లేనివాళ్ళు అమ్మారని, ఆర్వెల్ నవల ‘1984’ ప్రతుల్ని పాఠకుల కిండిల్ అనే ఈ-పుస్తక పరికరాల్లోంచి చెప్పాపెట్టకుండా తీసేసింది. తర్వాత క్షమాపణ చెప్పిందనుకోండి. 2019లో మైక్రోసాఫ్ట్ ఈ-పుస్తకాల అమ్మకం ఆపేశాక, అక్కడ కొన్నవి కూడా తెరుచుకోలేదు. డబ్బు వెనక్కిచ్చారు, పుస్తకాలు మాత్రం పోయాయి. అదే వీధిలో షాపు మూతబడితే, అక్కడ కొన్నది మన అలమారలోంచి ఎవరూ పట్టుకుపోరు.

ఇంకో జవాబు:
నేను షాపులోనే పనిచేస్తాను. తప్పు మాదీ ఉంది. ప్రచురణకర్తలు డబ్బు కట్టి ముందు బల్లమీద పెట్టించుకున్నవే అమ్ముతుంటే మాకూ యాప్‌కీ తేడా ఏముంది? 2019లో అమెరికాలోని పుస్తకాల షాపుల సంస్థ బార్న్స్ అండ్ నోబుల్ పగ్గాలు పట్టిన జేమ్స్ డాంట్ ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఏ పుస్తకాలు పెట్టాలో ఏ షాపుకా షాపే తేల్చుకోమన్నారు. కుదేలైన ఆ సంస్థ మళ్ళీ కొత్త షాపులు తెరుస్తోంది. కాబట్టి ఎంచిపెట్టే మనిషి ఉంటేనే షాపు. ఇక అట్ట ఫోటో తీసుకుని వెళ్ళి ఆన్‌లైన్‌లో కొనేవారికి ఒక్క మనవి: ఆ పుస్తకాన్ని మీ కంటపడేలా అక్కడ పెట్టింది మేమే.