యూరిక్ యాసిడ్ 8.4 ఉంటే షుగర్ ఉన్నవాళ్లు మాత్ర మొదలుపెట్టాల్సిందేనా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
మా నాయనకు 61 ఏళ్లు. షుగర్ వచ్చి 13 ఏళ్లయింది. పోయిన వారం యూరిక్ యాసిడ్ 8.4 వచ్చింది. మగవాళ్లకు 7 దాటకూడదంట కదా. కాలి బొటనవేలు ఎప్పుడూ వాయలేదు, కీళ్లనొప్పి లేదు, రాళ్లు లేవు. ఊర్లో డాక్టర్ "వదిలేస్తే కిడ్నీలు పోతాయి" అని యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర రాశారు. కడపలో ఇంకో డాక్టర్ నొప్పి లేనప్పుడు అక్కర్లేదన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరి మాట వినాలి?

ఆదోని అక్క:
వేసుకోమను తమ్ముడూ. మా చిన్నాయనకు ఇట్లే యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే ఎవరూ పట్టించుకోలేదు. నాలుగేళ్లకు డయాలసిస్‌కు వచ్చింది. వారానికి మూడుసార్లు తెల్లారకముందే బస్సెక్కి కర్నూలు పోయేవాడు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోట, ఫిస్టులా అంటారు, వేలు పెడితే జుమ్మని అదిరేది. అది చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా. 2010లో స్పెయిన్‌లో 113 మంది కిడ్నీ రోగులను చూస్తే, ఈ మాత్ర వేసుకున్నవాళ్లకు కిడ్నీ నిదానంగా దెబ్బతింది. నేను చదివినా.

కర్నూలు మందులషాపు:
అక్కా, మీ చిన్నాయన సంగతి చదివితే బాధేసింది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఒంట్లో యూరిక్ యాసిడ్‌లో మూడింట రెండు వంతులు బయటికి పంపేది కిడ్నీనే. కిడ్నీ మందగిస్తే అది రక్తంలో నిలిచిపోతుంది. కేసీ కాలువలో పూడిక పడితే ఎగువన నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లను బిందెలతో తోడితే పూడిక పోతుందా? షుగర్ ఉండి యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లకు కిడ్నీ జబ్బు ఎక్కువనేది నిజమే. అదే కారణమా అన్నదే ప్రశ్న.

దాన్ని తేల్చడానికే పెద్ద ట్రయల్స్ చేశారు. రెండింటి ఫలితాలు 2020లో వచ్చాయి. పెర్ల్ అనే దాంట్లో 530 మంది టైప్ 1 షుగర్ వాళ్లలో దాదాపు సగం మందికి అల్లోప్యూరినాల్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర మూడేళ్లు ఇచ్చారు. అల్లోప్యూరినాల్ వేసుకున్నవాళ్లకు యూరిక్ యాసిడ్ 6.1 నుంచి 3.9కి దిగింది. కిడ్నీ పనితీరు మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు ఎంత తగ్గిందో వీళ్లకూ అంతే తగ్గింది. అందుకే అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు 2024లో, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల కీళ్లు వాచి నొప్పెట్టే జబ్బు) లాంటి బాధ లేనివాళ్లకు కిడ్నీని కాపాడే పేరుతో ఈ మాత్ర వద్దన్నాయి.

ఊరికే వేసుకుంటే పోయేదేముందని అనుకోవద్దు. అరుదుగానైనా కొందరికి ఒళ్లంతా బొబ్బలు, నోట్లో పుండ్లు లేచి ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ బలహీనంగా ఉంటే డోసు తక్కువతో మొదలుపెట్టాలి. గౌట్ ఉంటే మాత్రం ఇది మంచి మందే, అందులో వాదన లేదు.

అనంతపురం సార్:
పెర్ల్‌లో ఉన్నది టైప్ 1 వాళ్లు. మన సీమలో ఇంటింటికీ ఉన్నది టైప్ 2. దాన్ని దీనికెట్లా అతికిస్తారు? పైగా డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు యూరిక్ యాసిడ్‌ను తగ్గిస్తాయి, కిడ్నీనీ కాపాడతాయి. మరి సంబంధం లేదని ఎట్లా అంటారు?

కర్నూలు మందులషాపు:
న్యాయమైన ప్రశ్న సార్. రెండో ట్రయల్, సీకేడీ-ఫిక్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో చేశారు. అప్పటికే కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు అందులో ఉన్నారు, సగానికి పైగా షుగర్ వాళ్లే. అందులోనూ ఫలితం లేదు. ఇక డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీ వడపోత గుళికల మీద ఒత్తిడి తగ్గిస్తుంది, మేలు ప్రధానంగా అక్కడే. యూరిక్ యాసిడ్ మూత్రంలో పోవడం దానికి తోడు జరిగే పని.

తమ్ముడూ, రెండు అడుగుతా. నాయనకు మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష, అంటే కిడ్నీ నుంచి ప్రొటీన్ కారుతోందా అని చూసేది, ఎప్పుడైనా చేయించారా? బీపీ మాత్ర పేరు పక్కన హెచ్ అనే అక్షరం ఉందా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
స్ట్రిప్ తెచ్చి చూసినా అన్నా. హెచ్ ఉంది. మూత్రం పరీక్ష ఈ 13 ఏళ్లలో ఎవరూ రాయలేదు, మేమూ అడగలేదు. నెలనెలా షుగర్ మాత్రమే చూపిస్తున్నాం.

కర్నూలు మందులషాపు:
ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయాజైడ్, మూత్రం ఎక్కువగా పోయించే మందు. యూరిక్ యాసిడ్‌ను అదే పెంచుతుంది. మీ అంతట మీరు ఆపొద్దు, బీపీ ఎగబాకుతుంది. స్ట్రిప్ తీసుకుపోయి డాక్టర్‌కు చూపించండి. ఆ నిష్పత్తి 30 లోపు ఉండాలి. దానితోపాటు రక్తంలో క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె) కూడా చూపించండి. నొప్పులకని డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగుతుంటే ముందు అది మాన్పించు, కిడ్నీకి అది చేటు.

ఆదోని అక్క:
మా చిన్నాయన మోకాళ్లకని రోజూ నొప్పిమాత్ర వేసుకునేవాడు. మేము యూరిక్ యాసిడ్ అంకెనే చూస్తూ కూర్చున్నాం. అన్నా, నాకూ షుగరే. ఆ మూత్రం పరీక్షకు పరగడుపున పోవాల్నా?

కర్నూలు మందులషాపు:
అక్కర్లేదక్కా. పొద్దున లేవగానే పోసే మూత్రం ఇస్తే మంచిది. జ్వరం, మూత్రంలో మంట ఉన్నప్పుడు మాత్రం చేయించొద్దు, అంకె తప్పుగా ఎక్కువొస్తుంది. ఎక్కువొచ్చినా ఒక్కసారికే భయపడొద్దు, మూడు నెలల్లో ఇంకోసారి చూపించి తేల్చుకోవాలి.

ప్రొద్దుటూరు పిల్లోడు:
సోమవారం నాయనను పిలుచుకుని పోతున్నా. రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతా.