కందకు లేని దుల... కత్తిపీటకా? బచ్చలికా?

గవర్నర్‌పేట: రైవస్ కాలవ గట్టున అడవి చేమ ఏపుగా పెరిగింది. పక్కింటావిడ ఆకు కోస్తుంటే అమ్మ వద్దంది, ఆవిడ వినలేదు. ‘కందకు లేని దుల...’ అని గొణిగి అమ్మ లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాత ముక్క ఏమిటి?

బ్రాడీపేట: కత్తిపీటకెందుకు. ఇందులో చర్చేముంది?

తాడేపల్లి: ఎందుకు లేదు? ఇనుముకి దురదేమిటండీ! ‘బచ్చలికెందుకు’ అనాలి. కందా బచ్చలీ కలిపి వండుకునే కూరలోంచి పుట్టిన మాట.

బ్రాడీపేట: ఇనుముకి దురద లేదు కాబట్టే అందులో వెటకారం. అయినా బచ్చలితో కలిసేసరికి చింతపండు పులుసు పడి కంద పొగరు సగం దిగుతుంది.

బోటనీ మాస్టారు: సామెత సరే, ఆవిడ ఆ ఆకు వండిందా? కందలోనూ చేమలోనూ ఉండేది కాల్షియం ఆక్సలేట్. సూదుల్లాంటి స్ఫటికాలు కట్టలుకట్టలుగా ఉండి నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. గొంతు వాచిందంటే ఊపిరాడదు. అలాంటి గట్ల మీదే లేత ఊదా పూల తూటికాడ కూడా ఉంటుంది. తూటికూర అనుకుని దాన్నీ కోయగలదు! మేకలు అది మేయడం మరిగితే తల వణికి, కాళ్లు తడబడి కూలబడతాయి.

గవర్నర్‌పేట: తూటికాడ జోలికి పోలేదు మాస్టారూ. చేమాకు నోట్లో పెట్టుకోగానే చురుక్కుమందని పారబోసిందట.

పల్నాటి పిల్లోడు: ‘దుల’ ఏంటండీ, ‘దూల’! దూలగొండి అనమా? దీర్ఘం ఉంటేనే గోక్కోవాలనిపిస్తుంది.

తాడేపల్లి: మా తాతగారు దులగొండి అనేవారు. దురదలో ‘దు’ హ్రస్వమేగా. మీ దూల ఇప్పుడు తిట్టుకి తప్ప పనికిరాదు.

పల్నాటి పిల్లోడు: మాకా చెప్తారు! శ్రీనాథుణ్ణే జొన్నకూటితో ఏడిపించిన సీమ మాది. గరళం మింగానని మురిసిపోకు, మా జొన్న మెతుకులు తిని చూడమని శివుడికే సవాలు విసిరాడు.

బ్రాడీపేట: ఆ చాటువులో ఉన్నది ‘మెరసెడి రేనాటి జొన్న మెతుకులు’. రేనాడంటే కడప వైపు. పల్నాడెక్కడ, రేనాడెక్కడ?

పల్నాటి పిల్లోడు: మేం ‘పల్నాటి’ అనే విన్నాం. ‘రేనా’ తీసి ‘పల్నా’ పెట్టండి, రెండూ గగమే, అంటే రెండేసి గురువులే. యతి ‘మె’ దగ్గర, దానికీ ఢోకా లేదు.

తాడేపల్లి: కంద గురించి అడిగితే కందపద్యం దాకా లాక్కొచ్చారు.

బ్రాడీపేట: గణం కుదిరితే సరా? ఏ ప్రతిలో ఉందో చూపించండి.

పల్నాటి పిల్లోడు: చాటువుకి ప్రతి ఏంటండీ? మా ఊళ్లో నలుగుర్ని అడగండి.