లేపాక్షి పైకప్పు బొమ్మను ముక్కలు చేసి కారౌసెల్ పెట్టొచ్చా?

హిందూపురం కుర్రాడు: లేపాక్షి నాట్యమంటపం పైకప్పు మీది కిరాతార్జునీయం (వేటగాడి వేషంలో వచ్చిన శివుడితో అర్జునుడు తలపడ్డ కథ) పట్టీని మా ఇన్‌స్టా పేజీలో పెడదామనుకుంటున్నాం. బాగా వెడల్పాటి బొమ్మ. వెడల్పు ఎత్తుకు 1.91 రెట్లు దాటితే ఇన్‌స్టా పక్కలు కత్తిరించేస్తుంది. పైనా కిందా ఖాళీ వదిలి మొత్తం పట్టిస్తే చీరల అంచులు, నగలు ఏవీ కనబడవు. 1080×1350 పిక్సెళ్ల చొప్పున నాలుగు స్లైడ్లుగా కోసి కారౌసెల్ (ఒకే పోస్టులో పక్కపక్కన వచ్చే బొమ్మల వరుస) పెడితే వేలితో జరుపుకుంటూ దగ్గరగా చూడొచ్చు. మా టీంలో సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

చిత్రకళ విద్యార్థిని: నేనూ వద్దనే అంటాను. ఆ కథకి ప్రాణమే పంది. శివుడూ అర్జునుడూ ఒకే పందిని కొట్టారు, అక్కడే తగువు మొదలైంది. కోత సరిగ్గా దాని నడుం మీద పడితే ఇక కథేముంది? ఇంకో సంగతి. మొదటిసారి స్వైప్ చేయకుండా పైకి జరిపేసిన వాళ్లకు ఇన్‌స్టా అదే పోస్టును మళ్లీ చూపించేటప్పుడు రెండో స్లైడ్ నుంచి చూపిస్తుంటుంది. అంటే వాళ్లకు ముందుగా కనబడేది తలా తోకా లేని మధ్య ముక్క. ఎవరైనా ఆ ఒక్క ముక్కనే స్క్రీన్‌షాట్ తీసి పంపితే అది లేపాక్షిదని కూడా తెలియదు.

రాయదుర్గం అన్న: అమ్మా, మంటపంలో నిలబడ్డవాడికి మాత్రం మొత్తం ఒక్కసారి కనబడుతుందా? మెడ ఎత్తి, అడుగులో అడుగు వేస్తూ చూడాలి. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ గుడిలో బొమ్మ చూసే పద్ధతే అది. వేలితో జరపడం దానికి దగ్గరగానే ఉంది.

డిజైన్ పని చేసేవాణ్ణి: కోత తప్పు కాదు, కొలత చూసి గుడ్డిగా కోయడం తప్పు. నాలుగు స్లైడ్లకు 4320×1350 కావాలి. ముందు ఆ కొలతలో ఖాళీ కాన్వాస్ తీసుకుని 1080, 2160, 3240 దగ్గర గీతలు పెట్టుకోండి. తర్వాత బొమ్మను కొంచెం పెంచో తగ్గించో, ఎడమకో కుడికో జరపండి. గీత మనిషికీ మనిషికీ మధ్య ఖాళీలో పడాలి. ముఖం మీద, చేతి మీద, బాణం మీద పడకూడదు. ఎంత జరిపినా కుదరకపోతే ఒక చివర గోడరంగు పట్టీ వేసి నెట్టండి, లేదా ఐదు స్లైడ్లు చేయండి. 2024 నుంచి 20 దాకా పెట్టుకోవచ్చు కదా, పిసినారితనం ఎందుకు? వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను మాత్రం సాగదీయకండి, కెమెరా ఫైలే వాడండి. అదే పోస్టు ఫేస్‌బుక్‌కు పంపకండి, అక్కడ ముక్కలు గళ్లగళ్లుగా సర్దుకుని బొమ్మ చెల్లాచెదురవుతుంది. పూర్తి బొమ్మను ఆఖరి స్లైడుగా పెట్టండి.

చిత్రకళ విద్యార్థిని: గీతలు జరపడం దాకా ఒప్పుకుంటాను. పూర్తి బొమ్మ ఆఖర్న పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. అక్కడిదాకా ఎంతమంది వస్తారు? మొదటి స్లైడే పూర్తి బొమ్మ కావాలి, చిన్నగా కనబడినా సరే.

డిజైన్ పని చేసేవాణ్ణి: చిన్నగా కనబడితే వేలు ఆగదండీ. మొదట పంది ఉన్న ముక్కే పెట్టి వేలిని ఆపాలి.

హిందూపురం కుర్రాడు: ఈసారి పూర్తి బొమ్మే ముందు పెడతాం, కింద ఖాళీలో ఊరు, గుడి, ఘట్టం పేరు రాస్తాం. ముక్కలు ఆ వెనక వస్తాయి.

చిత్రకళ విద్యార్థిని: అయితే ప్రతి ముక్కకూ ఆల్ట్ టెక్స్ట్‌లో ఎవరున్నారో, ఏం చేస్తున్నారో రాయండి. చూపు లేనివాళ్లకు ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది.